పరాయితనాన్ని ఎవరు కొలుస్తారు?

"మీరెక్కణ్నుంచి వచ్చారు?" అని మమ్మల్ని అడగటం ఈ దేశానికి అలవాటు. 1992 డిసెంబరు 6 తర్వాత ఆ ప్రశ్న గొంతు పెంచింది. క్రికెట్ మ్యాచ్ రోజున మా మొహాల్లోకి చూసి మా దేశభక్తిని కొలుస్తారు. మేం కణేకల్ సాయిబులం. వేదవతి ఇసుక పొలాల మీదికి మేట వేస్తుంటే చూసినవాళ్లం. వేరుశెనగ ఎండితే అందరితో పాటే వలసపోయినవాళ్లం. మేం వచ్చింది ఈ కరువులోంచే. అయినా చరిత్ర అడుగుతున్నారు కాబట్టి చరిత్రే మాట్లాడదాం. క్రికెట్ వదిలేసి, టెన్నిస్ దగ్గర మొదలుపెడదాం.

2010 అక్టోబరులో స్పెయిన్ ఆటగాడు రఫెల్ నడాల్ అనంతపురం వచ్చాడు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుతో కలిసి తన ఫౌండేషన్ పెట్టిన టెన్నిస్ బడిని ప్రారంభించాడు. పల్లెల్లోని పేద పిల్లల చేతికి రాకెట్ వచ్చింది. ఆటతో పాటు ఇంగ్లీషూ కంప్యూటరూ వచ్చాయి.

ఆ ట్రస్టును నెలకొల్పిన విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతుల మధ్య పనిచేస్తుంటే 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. 1969లో మళ్లీ వచ్చి అనంతపురంలో నిలబడ్డాడు. 2009లో ఇక్కడే కన్నుమూసి బత్తలపల్లి మట్టిలో కలిశాడు. నలభై ఏళ్లలో ఆయన మనవాడయ్యాడు. అది న్యాయం. మరి వందల ఏళ్లుగా ఇదే మట్టిలో కలుస్తున్న మాకు లెక్క ఎందుకు వేరయింది?

నడాల్ సొంతూరు మానకోర్, మయోర్కా దీవిలో ఉంది. కణేకల్ పిల్ల ఒకతి ఎప్పుడైనా ఆ దీవికి టెన్నిస్ ఆడబోయిందనుకుందాం. ఆట ముగిశాక పాల్మా నగరం చూడటానికి బయల్దేరుతుంది. అక్కడి రాజభవనం పేరు అల్ముదైనా. అది అరబ్బీ మాట. సందుల్లో అరబ్బుల కాలపు స్నానాలగది కనిపిస్తుంది. సముద్రం ఒడ్డున మహా చర్చి ఉన్నది ఒకప్పటి పెద్ద మసీదు చోటే. ముస్లింల పాలనలో మూడు వందల ఏళ్లకు పైగా ఆ నగరం మదీనా మయూర్ఖా. 1229 డిసెంబరు 31న ఆరగాన్ రాజు మొదటి జైమె దాన్ని గెలిచాడు. అక్కడి ముస్లింలలో చాలామంది చనిపోయారు, బానిసలయ్యారు, పారిపోయారు. ఏటా అదే రోజున ఆ నగరం విజయోత్సవం చేసుకుంటుంది.

1492లో గ్రెనడా కూడా పడిపోయింది. ఆ తర్వాత ముస్లింలను బలవంతంగా క్రైస్తవంలోకి మార్చారు. మారినా నమ్మలేదు. 1609–1614 మధ్య దాదాపు మూడు లక్షల మందిని దేశం నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో ఎక్కువమంది అరేబియా నుంచి దిగినవాళ్లు కారు. అక్కడే పుట్టి ఇస్లాం తీసుకున్నవాళ్ల వారసులు. అచ్చం మాలాగే.

మనుషులు పోయినా మాటలు పోలేదు. మయోర్కాలో బినిసాలెం, బినియారాయిష్ లాంటి ఊళ్లున్నాయి. 'బిని' అంటే అరబ్బీలో 'ఫలానావాళ్ల సంతానం'. సాగునీటి కాలువను స్పానిష్‌లో 'అసెకియా' అంటారు. అది అరబ్బీ 'సాఖియా'. ఉర్దూ గజళ్లలో పాత్ర నింపే 'సాఖీ' కూడా ఆ ధాతువులోంచి పుట్టిందే. మనుషుల్ని తరిమినవాళ్లు కాలువను తరమలేకపోయారు.

కణేకల్ చెరువుకు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లొస్తాయి. ఆ నీళ్ల కోసం ఎదురుచూసే రైతు మతం ఏదని కాలువ అడగదు. గూగూడు పీర్ల పండక్కి కుళ్లాయిస్వామి దగ్గర హిందువులూ ముస్లిములూ కలిసే మొక్కుతారు.

సుల్తానుల గొప్పలు మాకొద్దు. వాళ్ల తప్పులకు మేం జవాబుదారులమూ కాము. దూదేకిన చేతులు, పొలం దున్నిన చేతులు, బండి తోలిన చేతులు మావి. ఈ చేతుల చరిత్ర ఎవరూ రాయలేదు కాబట్టే ఎవరంటే వాళ్లు మమ్మల్ని పరాయివాళ్లంటున్నారు. ఊరూరా మా ముసలివాళ్లు పోకముందే ఆ చరిత్రను మేమే రాసుకోవాలి.