కళ్ళమునకు, కాంటాకు నడుమ: తెలంగాణమున తడిసిన ధాన్యపు నిరీక్షణ

హైదరాబాదు పాతనగరమున, మూసీకి దక్షిణపు గట్టున, ఒకనాటి వైభవమునకు గుర్తుగా ప్రవేశద్వారము మిగిలియున్న, సాలార్‌జంగు దివానుల నివాసమైన దివాను దేవిడిలో పందొమ్మిదవ శతాబ్దమున ఆలోచింపబడిన శిస్తు పద్ధతులకును, నేడు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల కొనుగోలు కేంద్రములలో టార్పాలిను పట్టాల క్రింద తడిసి ముద్దయగు వడ్లకును సంబంధమేమి యని ప్రశ్నింపవచ్చును. ఆ సంబంధము గాఢమైనదని నా అభిప్రాయము. వాన ఈ దేశమున కోతకాలమందు నూతనముగా కురియుచున్నది కాదు. కోసిన పంట రైతు చేతినుండి కొనువాని చేతికి పోవు నడుమ గడచు కాలమే వానను విపత్తుగా మార్చుచున్నది. ఆ కాలమెంతో నిర్ణయించు అధికారము మాత్రము రైతునకు తరచుగా లేకపోయెను.

శిస్తును ధాన్యరూపమున పుచ్చుకొను రోజులలో తెలంగాణపు తరిభూములందు బటాయి, అనగా పంటను పాలు పంచుకొను పద్ధతి, నడచెను. పంట కోసి, బంతి కట్టి, ఎడ్లచేత తొక్కించి, తూర్పారబట్టి రాశి పోసిన పిమ్మట, సర్కారు మనిషియో, శిస్తు వసూలును గుత్తకు పొందిన ఇజారాదారుని మనిషియో వచ్చి భాగము తేల్చువరకు ఆ రాశి కదలరాదు. రాశిపై ముద్ర వేసి కావలివానిని పెట్టుట దక్షిణదేశమున పలుతావుల నుండిన ఆచారము. ముద్ర చెదరినచో రైతే దొంగ యగును. ఊరికొక మనిషి కాక పది ఊళ్ళకొక మనిషి తిరుగు దినములలో కళ్ళము మీది ధాన్యము ఎన్ని మంచులకు, ఎన్ని అకాలపు జల్లులకు లోనయ్యెడిదో ఊహించుట కష్టము కాదు. తడిసిన భాగము రైతుది, పొడి భాగము ప్రభువుది యగుట సహజ పరిణామము. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు ఇజారాలను తొలగించి, 1865లో జిలాబందీతో జిల్లాలను ఏర్పరచి, బటాయి స్థానమున నగదు శిస్తును క్రమముగా నెలకొల్పెను. చరిత్రకారులు దీనిని ఖజానా దృష్టితో ప్రశంసించుదురు. కళ్ళము దృష్టితో చూచినను ఇది గొప్ప విమోచనమే: రాశి తనది కాగా, మబ్బు పట్టినపుడు దానిని ఇంటికి చేర్చుకొను స్వేచ్ఛ రైతునకు తొలిసారిగా దక్కెను. నగదు కిస్తుకై అయినకాడికి అమ్ముకొనవలసిన కొత్త బాధ దాని వెంటనే వచ్చినదన్న మాటయు నిజమే.

రాజధానిలోని లెక్కలు మాత్రము పంటనే అనుసరించి నడచినవి. నిజాము రాజ్యపు ఫసలీ సంవత్సరము ఆజూరు మాసముతో, అనగా అక్టోబరు తొలి దినములలో, ఆరంభమయ్యెడిది. వానకాలపు వరిని ఆబి యనియు, యాసంగి వరిని తాబి యనియు దస్తరములలో వ్రాసెడివారు. రైతు పంచాంగమున ఆ సంవత్సరారంభపు కాలము చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు. నైరుతి తిరుగుముఖము పట్టినను బంగాళాఖాతము శాంతింపని దినములవి. పొట్టకు వచ్చిన చేనునకు చివరి తడియు, పండిన చేనునకు చావుదెబ్బయు ఒకే వాన వలన కలుగగలదు. నగదు శిస్తుతో రైతునకు దక్కిన స్వేచ్ఛయు నిలువలేదు: రెండవ ప్రపంచ యుద్ధకాలమున లెవీ పేరిట ధాన్యము తిరిగి సర్కారు గాదెలకు బలవంతముగా తరలింపబడెను. ఆ వసూలుపై రేగిన ఆగ్రహము తెలంగాణ సాయుధ పోరాటపు కారణములలో ఒకటి.

ఇపుడు అసలు విషయమునకు వత్తును. కొడవలి కోతల కాలమున వరిని కోసి మెదలుగా పరచి మూడు నాలుగు దినములు చేనుమీదనే ఎండనిచ్చి, కట్టలు కట్టి, మెరక చూచి కుప్ప వేసెడివారు. కుప్ప వేయుట ఊరిలో అందరికి అబ్బిన విద్య కాదు. వెన్నులు లోపలికి, మొదళ్ళు వెలుపలికి ఉండునట్లు వరుసలు పేర్చి, నడుమ ఎత్తుచేసి, పైన గడ్డి కప్పి, పడిన నీరు మొదళ్ళవెంట జారి నేలకు పోవునట్లు అమర్చవలెను. అట్లు వేసిన కుప్ప వారములు, కోస్తా డెల్టాలలో నెలలు సైతము, వానలకు నిలిచెడిది. అంతేకాదు, గింజ గడ్డికి అంటియుండియే మెల్లమెల్లగా తేమను విడుచుటచే పగుళ్ళు వారక దంపుడునకు నిండు బియ్యము వచ్చెడిది. నూర్పిడి ఎపుడు చేయవలెనో కుప్ప యజమాని ఆకాశమును చూచి నిర్ణయించుకొనెడివాడు. అనగా ఆనాటి వరికి గోదాము, ఆరబోత యంత్రము, బీమా అన్నియు ఆ గడ్డికుప్పయే.

కూలీల కొరత, కూలి రేట్ల పెరుగుదల, ఒకే సమయమున విస్తరించిన సాగు, ఇవి మూడును కలిసి వరికోత యంత్రమును తెలంగాణపు ప్రతి పల్లెకు తెచ్చినవి. యంత్రమును నేను నిందింపను. కోతకూలిగా వంగి వంగి నడుము విరిగిన స్త్రీల శ్రమ నెరిగినవారెవరును నిందింపరాదు. కాని యంత్రము ఒక్క పనిని నిశ్శబ్దముగా రద్దు చేసినది: గడ్డిమీద గింజ ఎండుట. ఇరువది మొదలు ఇరువదియైదు శాతము తేమతో, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, పచ్చివడ్లు నేరుగా ట్రాక్టరు ట్రాలీలోనికి రాలును. గడ్డి చేనులో చెదరిపోవును. కప్పుటకు అది కూడ మిగులదు. నెలరోజులు సాగవలసిన నూర్పిడి వారము పదిరోజులలో ముగియుటచే ఊరి ధాన్యమంతయు ఒక్కసారిగా ఐకేపీ కొనుగోలు కేంద్రము ముందరనో, సహకార సంఘపు ఆవరణలోనో, చోటు చాలక తారురోడ్డు మీదనో రాశులుగా పడును. చేను వాలిపోయిన యేట మరొక చిక్కు: బురదలో టైర్ల యంత్రము దిగదు, చైను మిషను కావలెను, దాని అద్దె హెచ్చు, అది ఊరికి వచ్చు వంతు ఆలస్యము. ఆ ఆలస్యములో నీటిలో మునిగిన వెన్నులకు మొలకలు వచ్చును.

గింజ స్వభావమును కొంచెము వివరింపక ఈ కష్టము బోధపడదు. వడ్లగింజ కోసిన పిదప కూడ శ్వాసించుచునే యుండును. తేమ హెచ్చుగా నున్న రాశిలో ఆ శ్వాసవలన వేడి పుట్టి, వేడివలన శ్వాస మరింత పెరిగి, ఒక్క రాత్రిలోనే రాశి నడుమ చేయిపెట్టిన చుఱుక్కుమను స్థితి కలుగును. బూజు పట్టును, బియ్యము పసుపురంగుకు తిరుగును. అందుచేతనే కోసిన ఇరువదినాలుగు గంటలలో ఆరబెట్టుట ప్రారంభింపవలెనని వరిశాస్త్రజ్ఞులు చెప్పుదురు; నిలువయుంచుటకు 14 శాతము, ప్రభుత్వ కొనుగోలునకు 17 శాతము తేమ హద్దు. ఈ పదునేడును అన్యాయమని నేననను. బియ్యము చెడకుండుటకు అట్టి హద్దు అవసరమే. అయితే గింజ తన చుట్టునున్న గాలితో సమతూకమునకు వచ్చునేగాని అంతకు మించి ఎండదు. గాలిలోని తేమ నూటికి తొంబదిగా నున్న ముసురు దినములలో వడ్లు 17, 18 శాతముల దరిదాపుననే ఆగిపోవును. రైతు ఎన్నిసార్లు కాలితో తిరుగవేసినను, ఎంతసేపు పార పట్టినను, అట్టి వాతావరణమున గాలి ఒక్కటియే ఆ హద్దును దాటింపజాలదు. "మ్యాచర్ రాలేదు" అని మీటరు చూచి త్రిప్పిపంపు ఉద్యోగి నిజమే చెప్పుచున్నాడు. రైతు మాత్రము ఆకాశము చేయవలసిన పనికి దోషియై నిలుచుచున్నాడు.

యాసంగి కథ దీనికి విపరీతము. ఏప్రిలు ఎండలలో గింజ వేగముగా ఎండి, ఎండిన గింజపై వడగండ్ల వాన పడినపుడు తేమను ఒక్కుమ్మడిగా పీల్చి లోలోపల పగులును. చూపునకు వడ్లు బాగుగనే యుండును. మిల్లులో నూక యగును. యాసంగి ధాన్యమును ఉప్పుడు బియ్యముగా మార్చుటకు కారణమిదియే: నానబెట్టి ఆవిరిపట్టినపుడు గింజలోని పగుళ్ళు అతుకుకొనును. కేంద్రము ఉప్పుడు బియ్యమును ఇక తీసికొనజాలనన్న 2021–22 నాటి వివాదము రాజకీయముగా ఎంత చర్చింపబడినను, తడిసిన ధాన్యమునకున్న ఒక్క గట్టి రక్షణోపాయము దానితో బలహీనమయ్యెనన్న అంశము అంతగా చర్చకు రాలేదు.

2023 మార్చిలో వడగండ్లు పడినపుడు రాష్ట్రప్రభుత్వము ఎకరమునకు 10,000 రూపాయల సహాయము ప్రకటించెను. ఏప్రిలు, మే నెలలలో మరల వానలు కురిసి కేంద్రములలోని రాశులు తడియగా, తడిసిన ధాన్యమును కూడ మామూలు ధరకే కొందుమని నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు చెప్పెను. అదే ఏడాది డిసెంబరు 5న బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగ్ తుఫాను కోస్తాలో కోసిన పనలను ముంచెను. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము ప్రాంతమున తీరము దాటిన మొంథా, మరునాటికి వరంగల్లు, హనుమకొండలను జలమయము చేసెను. ఇట్లు ప్రతిసారి ప్రకటన వెలువడును. అది సద్భావముతో కూడినదే. ప్రకటనకును తూకమునకును నడుమ మరల దినములు గడచుటయే బాధ.

ఆ దినములలో రైతులు చేయు పని సామాన్యమైనది కాదు. రాత్రివేళ ఉరుము వినబడగానే ఇంటిల్లిపాది లేచి పట్టాలు కప్పుదురు. వాన వెలిసినతోడనే వాటిని తొలగింపవలెను, లేకున్న క్రింద ఉక్కపట్టును. రాశిచుట్టు కాలువ త్రవ్వుదురు, నిలిచిన నీటిని స్త్రీలు చీపుళ్ళతో ఊడ్చి చేటలతో ఎత్తిపోయుదురు. వాలిన చేనులోని వెన్నులు మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయుడని వ్యవసాయ విశ్వవిద్యాలయములు ఉపదేశించును. నూర్చిన పచ్చివడ్లకైనచో క్వింటాలునకు కొంత ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగుపెట్టవలెను. ఊక తేమను పీల్చును, ఉప్పు మొలకను ఆపును. ఎండ వచ్చిన నాడు తూర్పారబట్టి వేరుచేయవచ్చును. ఇది చవుకైనది, ఫలితమిచ్చునది. అయితే వందల క్వింటాళ్ళ రాశికి ఊక ఎచటనుండి తెచ్చుట? ఊక యంతయు మిల్లులలో నున్నది, వడ్లు రోడ్డుమీద నున్నవి.

విత్తనపు ఎంపికతో కొంత తప్పించుకొనవచ్చును. బాపట్లనుండి 1986లో వెలువడిన సాంబ మషూరి అన్నమునకు సాటిలేనిదైనను, ఇంచుమించు 150 దినముల పంట యగుటచే చెరువు ఆలస్యముగా నిండిన యేట తుఫాను కార్తెలలో చిక్కుకొనును. హైదరాబాదు అంచుననే యున్న రాజేంద్రనగరు పరిశోధనాస్థానపు తెలంగాణ సోనా 125 దినములలో వచ్చును. ఈ ఇరువదియైదు దినముల వ్యత్యాసమే కొన్ని సంవత్సరములలో పంటకును పాడునకును నడుమ గీత. యాసంగి నాట్లను ముందుకు జరిపి మార్చి లోపల కోత ముగించు బోధను, వర్ని బాన్సువాడల వైపు ముందుగా కోయు రైతులు ఇదివరకే ఆచరణలో చూపిరి. అయినను నీటి విడుదల తేదీ రైతు చేతిలో లేదు.

పాతనగరవాసికి దీనితో నేరుగా పనిగలదు. 2025 ఉగాదినుండి తెలంగాణమున రేషను దుకాణములలో సన్నబియ్యము మనిషికి 6 కిలోల చొప్పున ఇచ్చుచున్నారు. శాలిబండలోనో, హుస్సేనీఆలములోనో, యాకుత్‌పురాలోనో ఒక గృహిణి పొయ్యిమీద పెట్టు అన్నము జిగురైనను, పచ్చబారినను, దాని కారణము ఏ పల్లెలోనో తూకమునకై వేచిన రాశిలో నున్నది.

తూకము సంగతి అంకెలతో చూతము. 24 శాతము తేమగల 100 కిలోల వడ్లలో పొడిపదార్థము 76 కిలోలు. దానిని 17 శాతమునకు ఎండబెట్టినచో మిగులు బరువు 91.6 కిలోలు. 8.4 కిలోల నీరు పోవుట న్యాయము. నీటికి ధర అడుగు రైతు లేడు. కాని అట్లు ఎండబెట్టి తెచ్చిన పిమ్మటకూడ తాలు పేరిట, తరుగు పేరిట నలువది కిలోల సంచికి ఒకటి రెండు కిలోలు అదనముగా తూచుచున్నారని రైతులు ప్రతి కోతకాలమున మొరపెట్టుకొందురు. కిలో యనుకొన్నను, 2025–26 నాటి ఏ గ్రేడు మద్దతు ధర 2,389 రూపాయల లెక్కన క్వింటాలునకు ఇంచుమించు 60 రూపాయలు. ఎకరమునకు 25 క్వింటాళ్ళు పండించినవానికి 1,500 రూపాయలు. ఒకే నీటికి రెండుసార్లు కోత విధించుట ఇది.

తమిళనాట కావేరి డెల్టా రైతులకు కొన్ని యేండ్లు తేమ హద్దును 19 శాతము వరకు సడలించిరి. సడలింపు ఉపశమనమే కాని, తుఫాను నాటి 24 శాతపు వడ్లకు అది అందదు. ఆరబోత యంత్రములు ఇప్పటికే ఉప్పుడు బియ్యపు మిల్లులలో కలవు. వాటికి ఇంధనమైన ఊకయు అక్కడనే కలదు. కావలసినది వడ్లు వచ్చిన దినముననే తేమ కొలిచి, వ్రాసి, తూచి, పొడిపదార్థము లెక్కన ధర కట్టి, ఎండబెట్టు భారమును కొనువాడు వహించు పద్ధతి. పాలకేంద్రములలో వెన్నశాతము చూచి పూటకు పూట ధర కట్టుట మన పల్లెలకు దశాబ్దములుగా అలవాటే; పాలు చిక్కబడువరకు పాడిరైతును గుమ్మము ముందర నిలుపువారు లేరు. పై లెక్కనే తీసికొన్నచో 24 శాతపు క్వింటాలునకు 2,187 రూపాయలు వచ్చును. దానినుండి ఆరబోత ఖర్చును ఎవరు భరింపవలెనన్నది చర్చింపదగిన ప్రశ్నయే. ప్రజలందరు తిను అన్నము గనుక ప్రజల ఖజానాయే భరింపవలెనని నేనందును. ఆ 2,187 రూపాయలు కోసిన నాటి సాయంకాలమే రైతు పేర నమోదైనచో, ఆ రాత్రి పడు వాన ప్రభుత్వపు వడ్లమీద పడును, వాటిని లోపలికి చేర్చు త్వరయు ప్రభుత్వమునకే కలుగును.