చెరువుకు వచ్చిన విదేశీ సాయం, తిరిగొచ్చిన మురుగు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లే మెట్రో దారికి దక్షిణంగా, కాలనీల నడుమ ఇరుక్కుపోయిన సరూర్‌నగర్ చెరువుకు నాలుగు వందల ఏళ్ల వయసుంది. 1620లలో, కుతుబ్ షాహీల ఏలుబడిలో తవ్వించిన చెరువిది. మూడు శతాబ్దాలకు పైగా పొలాలకు నీరిచ్చింది. 1956 తర్వాత రాజధాని తూర్పు దిక్కుకు పెరిగింది. పొలాలు ప్లాట్లయ్యాయి, వాన నీరు తెచ్చే కాలువలు మురుగు మోయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మిగిలింది సుమారు 99 ఎకరాలు. పర్యావరణం కోసం దేశాలు చేతులు కలపడం అనగానే మనకు స్టాక్‌హోం, రియో, పారిస్ గుర్తొస్తాయి. ఆ కలయిక వల్ల మామూలు మనుషులకు ఒరిగిందేమిటో తెలుసుకోవాలంటే మాత్రం సరూర్‌నగర్ కట్ట దగ్గరికి రావాలి. ఎందుకంటే ఒకప్పుడు ఈ చెరువు బాగు కోసం ఐరోపా నుంచి డబ్బు వచ్చింది.

2000 తర్వాతి మాట ఇది. నెదర్లాండ్స్ రాయబార కార్యాలయం అందించిన సాయంతో అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే హుడా, గ్రీన్ హైదరాబాద్ ఎన్విరాన్‌మెంట్ ప్రోగ్రాం చేపట్టింది. నగరం చుట్టూ చెట్లు పెంచడం, చెరువుల్లోకి దిగుతున్న మురుగును ఆపి శుద్ధి చేయడం దాని లక్ష్యాలు. సరూర్‌నగర్ చెరువుకు 2003-04లో మరమ్మతులు జరిగాయి. అయిన ఖర్చు దాదాపు 20 కోట్ల రూపాయలు. సముద్రమట్టానికి దిగువన ఉన్న నేలను గట్లు కట్టి కాపాడుకున్న డచ్చివారి సొమ్ము దక్కన్ పీఠభూమి మీది గొలుసుకట్టు చెరువుకు చేరడం ముచ్చటైన సంగతే. అయితే ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. కొన్నేళ్లకే మురుగు మళ్లీ దిగింది, గుర్రపుడెక్క పరుచుకుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు చెరువు దిగువ కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి.

డబ్బు చాలకనే ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. ఆ ఐదారేళ్ల తేదీలను వరసగా పెట్టి చూస్తే అసలు కారణం తెలుస్తుంది. 2003 ఫిబ్రవరి 28న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ ఇకపై చిన్న దాతల నుంచి కొత్త సాయం తీసుకోబోమని ప్రకటించారు. నడుస్తున్న పనులు పూర్తి చేసుకోవచ్చు, కొత్తవి ఉండవు. జపాన్, బ్రిటన్, అమెరికా, జర్మనీ, రష్యా, ఐరోపా సమాఖ్య జాబితాలో మిగిలాయి. నెదర్లాండ్స్ మిగల్లేదు. అంటే సరూర్‌నగర్‌లో పనులు సాగుతున్న రోజుల్లోనే దాతకు ఢిల్లీ వీడ్కోలు పలికింది. ఆ చెరువు పరిసరాలు అప్పుడు ఎల్‌బీ నగర్ మున్సిపాలిటీలో ఉండేవి. 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఏర్పడి ఆ మున్సిపాలిటీని కలిపేసుకుంది. మరుసటి ఏడాది హుడా కూడా హెచ్ఎండీఏలో కలిసిపోయింది. దాత వెళ్లిపోయాడు, పని చేయించిన సంస్థ పోయింది, స్థానిక పాలక మండలీ పోయింది. పని మొదలైనప్పుడు ఉన్న మూడు పక్షాల్లో పూచీ పడి నిలబడ్డవారు ఎవరూ లేరు. మురుగు మాత్రం రోజూ వస్తూనే ఉంది. బైరామల్‌గూడ, కర్మన్‌ఘాట్ వైపు లేచిన ప్రతి కొత్త అపార్ట్‌మెంటూ దానికి తోడైంది.

నా వాదన ఇది. దేశాల మధ్య సహకారం గడువున్న పథకంగా వచ్చి పోతే దాని ఫలం కూడా గడువుతోనే పోతుంది. ఎవరో ఒకరి మీద తెగని బాధ్యతగా నిలిచినప్పుడే నీటికి మేలు జరుగుతుంది. బాధ్యతగా నిలిచిన సందర్భాలు మన దగ్గరే ఉన్నాయి, అందులో ఒకటి అదే డచ్చి సాయంతో నడిచింది. 1995 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం వంటి చోట్ల, నెదర్లాండ్స్ నిధులతో రైతులకు బోర్లు వేయించారు. తర్వాతి దశలో పథకం తీరు మారింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో రైతులే తమ బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, వాన లెక్క రాసుకుని, ఏ పంటకు ఎంత నీరు పోతుందో ఊరంతా కూర్చుని లెక్క వేసుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భజలాలపై వెలువరించిన నివేదికలో ఈ ప్రయోగానికి ప్రత్యేకంగా చోటిచ్చింది. దాత ఒకరే, కాలమూ దాదాపు ఒకటే. కరువు జిల్లాల్లో కొలిచే పని రైతు చేతికి వచ్చింది. సరూర్‌నగర్ చుట్టూ ఉన్న కాలనీవాళ్ల చేతికి అలాంటిదేమీ రాలేదు. చెరువులోకి ఇవాళ ఎంత మురుగు దిగిందో తెలుసుకునే దారే వాళ్లకు లేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. పల్లెలో బోరు రైతు సొంతం, చెరువు నగరం మొత్తానిది. రైతు లెక్క రాస్తే ఫలితం తన చేనులోనే కనిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ కోసం వచ్చి హాస్టల్లో ఏడాది ఉండి వెళ్లే కుర్రాడికీ, మెస్ నడుపుకునే అద్దె ఇంటి మనిషికీ చెరువు మీద అంత పట్టు ఎక్కడ ఉంటుంది? ఈ మాటలో నిజముంది. అందుకే నగరంలో జనం శ్రద్ధ ఒక్కటే సరిపోదు, వెనక చట్టం కావాలి. ఆ చట్టానికి కూడా దేశాల మధ్య సంభాషణే పునాది వేసింది. 1972 స్టాక్‌హోం సదస్సు నిర్ణయాలను అమలు చేయడానికంటూ మన పార్లమెంటు 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేసింది. 1992 రియో ప్రకటనలో ఒక సూత్రం ఉంది: హాని జరుగుతుందనడానికి పూర్తి శాస్త్రీయ రుజువు దొరకలేదన్న సాకుతో జాగ్రత్తలను వాయిదా వేయకూడదు. ఏడేళ్ల తర్వాత ఆ సూత్రం హైదరాబాద్ చెరువుల దాకా వచ్చింది.

హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు వద్దని రాష్ట్ర ప్రభుత్వం 111 జీవోతో ఆంక్షలు పెట్టింది. ఆ పరిధిలో నూనెల కర్మాగారం పెట్టుకునేందుకు ఒక కంపెనీ అనుమతి కోరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడుకూ మధ్య కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1999 జనవరి 27న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాన్ని రాసింది తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎం.జగన్నాధరావు. హాని ఉండదని నిరూపించాల్సిన భారం పరిశ్రమ పెట్టేవారిదేనని ఆ తీర్పు రియో సూత్రం ఆధారంగా వివరించింది. 2000 డిసెంబరులో వచ్చిన తుది తీర్పు కూడా జలాశయాల పక్షానే నిలిచింది. పైసా విదేశీ సాయం లేకుండా, బ్రెజిల్‌లో దేశాలు ఒప్పుకున్న ఒక మాట మన తాగునీటికి కాపలా కాసింది. 2022లో 111 జీవో ఆంక్షలను ప్రభుత్వం ఎత్తేసింది కదా, చట్టం మాత్రం ఎంతకాలం ఆగిందని అడగొచ్చు. అయినా అది పాతికేళ్లు ఆగింది. సరూర్‌నగర్ మరమ్మతు అంతకాలం ఆగలేదు. పైగా ఆంక్షలు ఎత్తేయాలంటే ప్రభుత్వం బాహాటంగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది, ఎవరు ఎత్తేశారో అందరికీ తెలిసింది. సరూర్‌నగర్‌లోకి మురుగు తిరిగి రావడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేకపోయింది.

ఇక మన మురుగు మన సమస్య, దీనికి ప్రపంచంతో పనేమిటన్న ఆలోచన చాలామందిలో ఉంది. తూర్పు హైదరాబాద్ విషయంలో ఇది అస్సలు నిలవదు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు వెలువరించింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే కేంద్రమది. శుద్ధి అయిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. ఇలాంటి నీటిలో బతకడం నేర్చిన సూక్ష్మక్రిములు మందులకు లొంగవు. పటాన్‌చెరు వాగులను కాపాడాలని ఆ నీటిని 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరం మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. అంబర్‌పేట నుంచి మూసారాంబాగ్ వంతెన దాటితే దిల్‌సుఖ్‌నగర్. ఆ నీరు చేరే మూసీ నది అక్కడి నుంచి నాగోల్ మీదుగా దిగువకు, వరి పొలాల్లోకి పోతుంది. ఇళ్ల మురుగు కోసం కట్టిన శుద్ధి కేంద్రాలకు మందుల అవశేషాలను పూర్తిగా తొలగించే సామర్థ్యం ఉండదు. పడమటి హైదరాబాద్ ఫ్యాక్టరీల బరువు తూర్పు హైదరాబాద్ నది మీద పడింది.

ఆ మందులు వాడేది మనమొక్కరమే కాదు. ఐరోపా, అమెరికా ఆసుపత్రులకు చౌకగా అందే మాత్రల్లో చాలావాటికి ముడి మందు ఇక్కడే తయారవుతుంది. ఆ చౌకదనంలో కొంత భాగం నాగోల్ దగ్గరి మూసీ భరిస్తోందని ఒప్పుకోవాలి. అందుకే కొనేవారి మీద కూడా బాధ్యత ఉంది. వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో మన కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదాలో పెట్టింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మొట్టమొదటిసారి ఈ విషయంపై మార్గదర్శకాలు విడుదల చేసింది. వీటిని పాటిస్తే మన మందుల ధర పెరిగి చైనాతో పోటీలో వెనకబడతామన్నది పరిశ్రమ చెప్పే మాట. ఒక్క దేశమే పాటిస్తే ఆ భయం నిజమవుతుంది. కొనే దేశాలన్నీ ఒకే షరతు పెడితే పోటీ అందరికీ సమానం. దేశాలు కలిసి పనిచేయాల్సిన అవసరం అసలు ఇక్కడే ఉంది, చెరువు కట్టకు రంగులు వేయడంలో లేదు.

ఇప్పుడు మూసీ పునరుజ్జీవనానికి విదేశీ రుణాల మాట మళ్లీ వినిపిస్తోంది. అప్పు వస్తే సుందరీకరణ ఎలాగూ జరుగుతుంది, దాని కోసం ఎవరూ ప్రత్యేకంగా అడగనక్కర్లేదు. సరూర్‌నగర్, కొత్తపేట, నాగోల్ కాలనీ సంఘాలు అడగాల్సింది వేరే ఉంది. నిర్మాణం అయ్యాక ఇరవై ఏళ్లపాటు శుద్ధి కేంద్రాలు నడిపే పూచీ ఏ సంస్థదో, ఆ సంస్థ మరొకదానిలో కలిసిపోతే పూచీ ఎవరికి బదిలీ అవుతుందో ఒప్పందంలో పేరు పెట్టి రాయమనండి. నాగోల్ దగ్గర మూసీ నీటిలో మందుల అవశేషాలు ఎంతున్నాయో ప్రతి నెలా పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో బయట పెట్టడం రుణానికి షరతుగా చేర్చమనండి. సంతకాలు కాకముందే అడగండి.