గోడమీది లెక్క

మాది అనంతపురం జిల్లా బెళుగుప్ప. మాదిగ గేరి. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినోణ్ణి నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బళ్ళో లెక్కలు చెప్తాను. మా అవ్వ నన్ను "అయివారూ" అని పిలిచి తనలో తానే నవ్వుకుంటాది. ఆ మాటతో మా గేరిలో ఎవరినీ పిలిచింది లేదు మరి!

ఏటా బారువడ్డీ పాఠం మొదలుపెట్టే రోజు మా తాత గుర్తుకొస్తాడు. తాత కపిల బానలకు తోలు తొండాలు కుట్టేవాడు. తొండం మూతి బాన అంచుకు సమంగా లేవకపోతే నీళ్ళు బావిలోనే కారిపోతాయి. టేపు లేదు, కాగితం లేదు. మూర, జాన, బెత్తెడు. ఆయన చెయ్యే ఆయనకు కొలబద్ద. ఊరి చేలు తడిపింది ఆ కొలతే.

మా అత్త పెండ్లికి తాత ఐదు వందలు అప్పు చేసినాడు. నూటికి నెలకు మూడు రూపాయలు. అంటే నెలకు 15, ఏడాదికి 180. మూడేండ్లు తిరిగేసరికి వడ్డీయే 540. అసలును మించిపోయింది. దాని కింద పెద్దరైతు ఇంట్లో జీతానికుండి, పని చేసిన ప్రతిరోజుకూ ఇంటిగోడమీద బొగ్గుతో ఒక గీత గీసుకున్నాడు. గోడ నిండినాక పోయి అడిగినాడు.

"సామీ, నా లెక్కకు తీరిపోయిండాల గదా?"

"నీ గోడ చదవాల్నా, నా పుస్తకం చదవాల్నా రా?"

పుస్తకంలో బొటనవేలి ముద్ర ఉంది. ఆ ముద్రకు పైన రాసింది తాతకు తెలీదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చిందని కూడా చానా కాలానికి గానీ మా గేరికి తెలీలేదు. అవ్వ ఆ గోడకు ఏ పండగకూ సున్నం కొట్టనీలేదు.

తాతకు లెక్క రాక కాదు. లెక్క రాసే పుస్తకం ఆయన చేతిలో లేదు. అది ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలని, ఉద్యోగం వచ్చినాక పాత కాగితాలు చదవడం మొదలుపెట్టినాను.

తెలుగులో లెక్కల పుస్తకం కొత్తదేం కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టినాడు. పద్యం చదివేవాళ్ళకు అందింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్నో లెక్క చెప్పమన్నాడు. అప్పుడు అనంతపురం జిల్లా లేదు. 1882 దాకా మేం బళ్ళారి జిల్లానే. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపినాడు. జనం 9,27,857. బడులు 533. చదివేవాళ్ళు 6,641. అందులో ఆడపిల్లలు 60 మంది. ఆ పట్టికలో బ్రాహ్మలకొక గడి, వైశ్యులకొక గడి, శూద్రులకొక గడి. ఆ తర్వాత "మిగతా అన్ని కులాలు" అని ఒకే గడి, 1,174 మంది మగపిల్లలు. మాకు పేరు కూడా లేదు. మిగతా!

ఆ బడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో రాసి నేర్చుకునేవాళ్ళు. ఎక్కాలు గొంతెత్తి వల్లించేవాళ్ళు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవాళ్ళు. ఇది మద్రాసులో చూసిన ఆండ్రూ బెల్ అనే పాదిరి 1797లో లండన్లో పుస్తకం వేసినాడు. ఇంగ్లండులో దీన్ని అనుసరించడం తగిన పనే అని కాంప్‌బెల్ కూడా మెచ్చుకున్నాడు. మన ఇసుక సముద్రం దాటి సీమకు పోయింది. ఊరి అరుగు మీదినుంచి గేరికి ఎంత దూరమో మీరే కొలుచుకోండి.

1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువుకోసం ఉత్తర్వు ఇచ్చింది. ప్రత్యేక బడులన్నారు, ఉపాధ్యాయ శిక్షణకు ఉపకారవేతనాలన్నారు. మంచిదే. మల్లన నుంచి అక్కడికి ఎనిమిది వందల ఏండ్లు పట్టింది.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. రూపాయికి 192 పైల లెక్క నోటితో చేసేవాడే మొనగాడు. వీసం, కాలు, అర, ముక్కాలు వల్లించిన సావుకారి పిల్లోడూ, ఏమీ వల్లించని మా గేరి పిల్లోడూ ఆ రోజు నూరు దగ్గర ఒకే గీతమీద నిలబడినారు. కానీ ఆ గీత బళ్ళో ఉంది. మావాళ్ళు జీతంలో ఉన్నారు.

ఆ కాలంలో హైస్కూళ్ళలో లెక్కలు రెండు రకాలు. జనరల్ మ్యాథ్స్, కాంపోజిట్ మ్యాథ్స్. ఇంజినీరు కావాలంటే రెండోది. పదేళ్ళ చదువులో లెక్కలు అందరికీ తప్పనిసరి చెయ్యమని 1964-66 కొఠారీ కమిషన్ చెప్పింది. ఆ మాట వల్లనే లెక్కలు నాదాకా వచ్చినాయి.

వచ్చినా, నా దగ్గర ఆగడం కష్టమైంది. నేను చదివిన ఒక బళ్ళో, పేరెందుకులే, సమితుల లెక్క తప్పు చేస్తే సారు నవ్వినాడు. "మీకు రిజర్వేషన్ ఉండాది గదరా, లెక్కలెందుకు?" క్లాసంతా నవ్వింది. ఆ పరీక్షలో నాకు 11 మార్కులు. ఆ సెలవుల్లో శెనక్కాయలు ఏరడానికి కూలికి పోయినాను. పొట్టివి ఒక కుప్ప, పుచ్చువి ఒక కుప్ప. పొట్టిదీ పుచ్చుదీ రెండూ అయినవాటిని యాడ వెయ్యాలని అవ్వనడిగినా. "మధ్యలో ఎయ్ నాయనా" అంది. ఛేదనం అంటే అదేనని అప్పుడర్థమైంది. అవ్వ ఏ బడికీ పోలేదు.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక కాలంలో పెద్దలు లెక్కలంటే పిల్లలకుండే భయాన్ని గురించి చాలా రాసినారు. ఆ భయంలో సగం లెక్కది కాదు, చెప్పేవాడి నోటిది. ఇది వాళ్ళకంటే నాకు బాగా తెలుసు.

అందుకే బారువడ్డీ పాఠానికి ఇంట్లో తెలిసిన అప్పు ఒకటి రాసుకు రమ్మంటాను, పేర్లు లేకుండా. పోయినేడు ఏడో తరగతి పాప ఒకతె 20,000, నూటికి రెండు అని రాసుకొచ్చింది. బోర్డుమీద చేసింది. నెలకు 400, ఏడాదికి 4,800. ఐదేండ్లు కట్టినాము అంది. 24,000. చాక్‌పీసు పట్టుకుని అట్లే నిలబడింది.

"సార్, అసలు అట్లే ఉండాదే! ఎప్పుడు తీరుతాది?"

సూత్రంలో దానికి జవాబు లేదు. వాన రాని సీమలో, పంట చేతికొచ్చేదాకా ఎవరు చెప్తారు? నోటుబుక్కు మీ నాయనకు చూపించు అన్నాను. చూపించింది. ఆయన పోయి అసలెంత, వడ్డీ ఎంత, వేరువేరుగా రాసిమ్మని అడిగినాడు.

మూడోరోజు అప్పిచ్చిన మనిషి బడి గేటు దగ్గరికొచ్చినాడు.

"పిల్లోళ్ళకు పాఠం చెప్పు సారూ. ఊరి లెక్కలు నీకెందుకు?"

మళ్ళీ అదే మాట. లెక్కలెందుకు? నా గుండె దడదడలాడింది. అబద్ధమెందుకు, భయమేసింది. అయినా అన్నాను.

"పుస్తకంలో ఉండేదే చెప్పినానన్నా. ఈసారి పుస్తకం మా చేతిలో ఉంది."

ఆ పాఠం ఈ ఏడూ చెప్తాను.