లేరన్న మాటకు గోలకొండ కవుల సమాధానము

నిజాము రాష్ట్రమున తెలుఁగు కవులు లేరని పూర్వమొకరు వ్రాసిరి. మన మల్యాలకుఁ జేరువనే, గోదావరీతీరమందలి ధర్మపురిలో శేషప్పకవి నరసింహశతకము రచించియుండఁగా నీ మాట యెట్లు చెల్లును? గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు మాటకు మాట చెప్పి యూరకుండలేదు. ఊరూరినుండి పద్యములను, కవుల వివరములను రప్పించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను బ్రకటించిరి. ఆ పేర్ల పట్టికయే యాక్షేపణకు జవాబైనది.

సోదరులారా! మన కులమునఁ బండితులు, దాతలు లేరనువారిపైఁ గోపించి ఫలమేమి? లేరనుటకు నొక్క మాట చాలును. ఉండిరనుటకుఁ బేర్లు, ఊళ్లు, చేసిన పనులు చూపవలెను. పెద్దలు గతించుచున్నారు, అటుకలపైని తాళపత్రములను జెదలు తినుచున్నవి. ప్రతి గ్రామశాఖయు నిప్పుడే వానిని సేకరించి, వచ్చు వార్షికసభ నాఁటికిఁ బట్టిక సిద్ధపఱుపవలెనని మేము ప్రార్థించుచున్నాము.