శిక్ష అంటే దండన కాదు: అక్షరార్థం, నేయార్థం, నీతార్థం

మేము రాయపూర్‌లో ఉంటున్న తెలుగువాళ్ళం. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా ఇక్కడికి వచ్చే రైలు మార్గం 1931లో పూర్తయింది. మాలో చాలామంది పెద్దలు ఆ దారినే బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, వందనలో పాళీ. ఈ భాషలన్నిటికీ ఉమ్మడి మాటలు కొన్ని ఉన్నాయి. మాట ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. ఆ తేడా మాకు ఒక పౌర్ణమి నాడు బాగా తెలిసివచ్చింది.

ఆ సాయంత్రం అందరం కలిసి పంచశీల చెప్పుకున్నాం. ఐదు వాక్యాల్లోనూ వచ్చే మాట 'సిక్ఖాపదం'. దానికి సంస్కృతరూపం శిక్షాపదం. అంతా అయ్యాక ఒక పెద్దామె మమ్మల్ని అడిగింది: "ఏటి తప్పు చేసినామని బాబూ మనకీ శిక్ష?" పక్కనే ఉన్న బడిపిల్ల నవ్వి, "మామ్మా, శిక్ష అంటే చదువు" అంది. ఆ పిల్లది హిందీ చదువు. ఇద్దరూ విన్న మాటను విన్నట్టే తీసుకున్నారు. ఒకరికి దండన అయింది, మరొకరికి చదువు అయింది. పాళీలో ఆ మాటకు అర్థం అభ్యాసం, నేర్చుకుంటూ నడవడం. "ఈ నియమాన్ని అభ్యసిస్తాను" అని మనంతట మనం పూనుకోవడమే తప్ప అక్కడ దండించేవాడెవడూ లేడు.

పెద్దామె ప్రశ్న చిన్నదేం కాదు. మాటను ఉన్నదున్నట్టు తీసుకోవడం అంటే ఏమిటి? ఎప్పుడు అలా తీసుకోవాలి, ఎప్పుడు కూడదు? బౌద్ధులు ఈ ప్రశ్నను రెండు వేల ఏళ్ళకు పైగా అడుగుతూ వచ్చారు. దానికి సాక్ష్యం మన తెలుగు నేలమీదే రాతి మీద ఉంది.

ముందు మన మాటలు చూద్దాం. తెలుగులో 'అక్షరాలా' అంటాం. ప్రామిసరీ నోటులో అంకె పక్కన "అక్షరాలా వెయ్యి రూపాయలు" అని రాస్తాం. అంకె దిద్దవచ్చునేమో గాని అక్షరం దిద్దడం కష్టమన్న నమ్మకం అందులో ఉంది. 'పొల్లుపోకుండా' అంటే ఒక్క పొల్లు కూడా జారిపోకుండా అని. ఇది మెచ్చుకోలు. అదే పని బుద్ధి వాడకుండా చేస్తే 'మక్కికి మక్కి' అంటాం. ఇది ఎత్తిపొడుపు. ఇక మన పాత పుస్తకాలలో పద్యం కింద టీక వేరు, తాత్పర్యం వేరు. టీక పదానికి పదం చెబుతుంది, తాత్పర్యం కవి ఏం చెప్పదలచాడో చెబుతుంది. టీక లేని తాత్పర్యం గాలిమాట, తాత్పర్యం లేని టీక ఎండుపుల్లల మోపు. రెండూ కావాలని మన పంతుళ్ళకు ఎప్పుడో తెలుసు.

బౌద్ధ వాఙ్మయంలో ఈ జంటకు పేర్లు అర్థం, వ్యంజనం. పాళీలో అత్థ, వ్యంజన. తెలుగులో వ్యంజనం అంటే హల్లు. వంటింట్లో అయితే కూరా, పచ్చడీ. పాళీలో అది పదం, అక్షరం, పైకి కనిపించే మాట. సంస్కృత బౌద్ధ గ్రంథాలలో నాలుగు ఆశ్రయాలు చెప్పారు: వ్యక్తిని కాదు, ధర్మాన్ని ఆశ్రయించు, వ్యంజనాన్ని కాదు, అర్థాన్ని ఆశ్రయించు, నేయార్థ సూత్రాన్ని కాదు, నీతార్థ సూత్రాన్ని ఆశ్రయించు, విజ్ఞానాన్ని కాదు, జ్ఞానాన్ని ఆశ్రయించు.

నేయార్థం, నీతార్థం రెండూ 'నడిపించు' అనే ధాతువు నుంచి వచ్చినవే. నీతార్థం అంటే అర్థం ఇప్పటికే గట్టుకు చేరింది, మాట చెప్పిందే భావం. నేయార్థం అంటే అర్థాన్ని ఇంకా నడిపించుకుపోవాలి, విడమరచి చెప్పుకోవాలి. అంగుత్తర నికాయంలో బుద్ధుడు, తనపై అపనింద వేసేవారు ఇద్దరున్నారని అంటాడు. విడమరచవలసిన మాటను తేటతెల్లమైనదిగా చెప్పేవాడు ఒకడు. తేటతెల్లమైన మాటను విడమరచవలసినదిగా తిప్పేవాడు రెండోవాడు. దీనికి పాళీ అట్ఠకథ ఇచ్చే ఉదాహరణ సులభంగా ఉంటుంది. "ఒక వ్యక్తి, ఇద్దరు వ్యక్తులు" అని బుద్ధుడు అన్నచోట అది లోకవ్యవహారం, విడమరచుకోవాలి. అనిత్యం, దుఃఖం, అనాత్మ అన్నచోట విడమరచేందుకు ఏమీ లేదు.

మరో మాట 'యథారుతం'. రుతం అంటే కూత, ధ్వని. పక్షి కూసినట్టు, చెవికి ఎలా వినిపిస్తే అలా తీసుకోవడం యథారుత గ్రహణం. లంకావతార సూత్రం దీన్ని తప్పుపడుతుంది. చూపించినదాన్ని వదిలి వేలికొసను చూస్తూ ఉండిపోయే పిల్లవాడితో పోలుస్తుంది.

ఇప్పుడు రాతి సాక్ష్యం. నాగార్జునకొండలో బుద్ధపాదాలు చెక్కిన పలక ఒకటి దొరికింది. ఇక్ష్వాకుల కాలపు ప్రాకృతంలో దాని మీద ఉన్న శాసనం మహావిహారవాసులైన విభజ్యవాద ఆచార్యులను పొగుడుతుంది. కాశ్మీరం, గాంధారం, యవనదేశం, వనవాసి, తామ్రపర్ణి ద్వీపం వంటి దేశాలకు ధర్మప్రసాదం పంచినవారంటుంది. ఆ వెంటనే మరో బిరుదు ఇస్తుంది: తొమ్మిది అంగాల శాస్తృశాసనంలో అర్థ వ్యంజనాల వినిశ్చయంలో విశారదులు. అంటే ఎక్కడ మాటను పట్టుకోవాలో, ఎక్కడ భావాన్ని పట్టుకోవాలో తేల్చగలిగినవారు. కృష్ణ ఒడ్డున ఆ కాలంలో ఒక ఆచార్యుణ్ణి గౌరవించడానికి ఎంచుకున్న లక్షణాలలో ఇదొకటి. మహిమలు చూపినవారనో, రాజులు మొక్కినవారనో అనలేదు.

ఆంధ్రదేశంలో ఇలాంటి వ్యాఖ్యాన సంప్రదాయం ఉండేదనడానికి ఇంకో గుర్తు ఉంది. వినయపిటకానికి వ్యాఖ్య అయిన సమంతపాసాదిక 'అంధకట్ఠకథ' అనే పాత వ్యాఖ్యను పలుచోట్ల పేర్కొంటుంది, కొన్నిచోట్ల కాదంటుంది కూడా. ఆ అంధకట్ఠకథ నేడు దొరకదు. మన వ్యాఖ్య మనకు ఇతరులు కాదన్న చోట్ల కూడా మిగిలిందంటే, ఒకప్పుడు దాన్ని పట్టించుకోక తప్పలేదన్నమాట.

మా ఊరి సంగతికి వద్దాం. రాయపూర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో మహానది ఒడ్డున సిర్పూర్ ఉంది. అది దక్షిణ కోసల రాజధాని శ్రీపురం. 1950లలో మొరేశ్వర్ దీక్షిత్ జరిపిన తవ్వకాలలో ఆనందప్రభ అనే భిక్షువు పేరుతో శాసనం ఉన్న విహారం బయటపడింది. గర్భగృహంలో భూమిని తాకుతున్న బుద్ధుడు ఇప్పటికీ కూర్చునే ఉన్నాడు. సుమారు 639లో చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ కళింగం నుంచి వాయవ్యంగా అడవులు దాటి కోసలకు వచ్చాడు. రాజధాని పేరు ఆయన రాయలేదు. అది శ్రీపురమేనని చాలామంది పండితుల అభిప్రాయం. వంద దాకా సంఘారామాలు, పదివేలకు కొంచెం తక్కువగా భిక్షువులు ఉన్నారని రాశాడు.

నాగార్జునుడు, ఆర్యదేవుడు కలుసుకున్న కథను ఆయన కోసల ప్రకరణంలోనే చెబుతాడు. వాదానికి వచ్చిన దేవుడికి నాగార్జునుడు నిండా నీళ్ళున్న పాత్ర పంపించాడు. దేవుడు మాట్లాడకుండా అందులో ఒక సూది వేశాడు. నీళ్ళు తన జ్ఞానమనీ, సూది దాని అడుగు దాకా దిగిందనీ నాగార్జునుడు గ్రహించి సంతోషించాడు. దాన్ని తెచ్చిన శిష్యుడికి మాత్రం కనిపించింది నీళ్ళూ, సూదీ మాత్రమే. యథారుతం అంటే ఏమిటో దీనికన్నా తేలికగా చెప్పలేం.

కోసల నుంచి ఆయన దక్షిణంగా ఆంధ్రకు వెళ్ళాడు. అక్కడివారి భాష మధ్యదేశపు భాషకు వేరు, లిపి మాత్రం దాదాపు ఒకటే అని గమనించాడు. అక్షరాలు ఒకటైనంత మాత్రాన మాట ఒకటి కాదని ఆయనకు బాగా తెలుసు. తరువాత చైనాలో ఆయన అనువాదాలు చేసినప్పుడు, ఐదు రకాల మాటలను అనువదించకుండా మూలధ్వనితోనే ఉంచాలన్న నియమం పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. 'భగవత్' వంటి అనేకార్థాల మాట అందులో ఒక రకం. 'ప్రజ్ఞ' వంటి, అనువదిస్తే పలచబడే మాట మరో రకం.

చైనావారికి ఆ మాటలు పూర్తిగా కొత్తవి. మన కష్టం వేరు. మనకు అవి మరీ పాతవి, వాడివాడి మరో అర్థానికి తిరిగినవి. పంచస్కంధాలు చూడండి. స్కంధం అంటే తెలుగువాడికి భుజం, లేదా భాగవతంలో ఒక భాగం. రూపం అంటే ఆకారం. వేదన అంటే బాధ. సంజ్ఞ అంటే సైగ. సంస్కారం అంటే మంచి నడవడిక, లేదా అంత్యక్రియ. విజ్ఞానం అంటే సైన్సు. ఇలా మక్కికి మక్కి చదివితే మనిషంటే ఆకారం, బాధ, సైగ, మర్యాద, సైన్సు అని తేలుతుంది! పాళీలో స్కంధం రాశి. వేదన అంటే సుఖమైనా, దుఃఖమైనా, రెండూ కానిదైనా కలిగే అనుభూతి. సంజ్ఞ గుర్తుపట్టడం. సంస్కారాలు మనసు అల్లే చేతనలు. విజ్ఞానం ఎరుక. శీలం అన్నా అంతే. తెలుగులో ఆ మాటను ఆడవారి మీదికే నెట్టేశారు. పంచశీలలో అది ఆడామగా అందరికీ.

అన్నిటికన్నా హాని చేసిన మాట కర్మ. "నా కర్మ" అని నుదురు కొట్టుకోవడం మనకు అలవాటు. మనిషి దారిద్ర్యానికీ, కులానికీ, అవమానానికీ ఆ ఒక్క మాటే జవాబుగా చెప్పి నోరు మూయించారు. బుద్ధుడు మాత్రం చేతననే కర్మ అంటానని సూటిగా చెప్పాడు. అంటే బుద్ధిపూర్వకంగా చేసే పని. ఇది నీతార్థం, విడమరచే పనే లేదు. నుదుటి రాత అన్న అర్థం తెచ్చి దీనికి తగిలిస్తే అంగుత్తరంలో చెప్పిన అపనిందే అవుతుంది.

దీనికి తలకిందులుగా, ఉన్నదున్నట్టు తీసుకుంటే అనర్థమయ్యే మాటలూ ఉన్నాయి. ధమ్మపదంలో తల్లిదండ్రులనూ, ఇద్దరు క్షత్రియ రాజులనూ చంపి బ్రాహ్మణుడు దుఃఖం లేకుండా పోతాడన్న భావంతో ఒక గాథ ఉంది. దాన్ని పట్టుకుని "మీ బుద్ధుడు చెప్పింది ఇదా?" అని మమ్మల్ని నిలదీసినవారున్నారు. అట్ఠకథ దాన్ని విడమరుస్తుంది: తల్లి తృష్ణ, తండ్రి అహంకారం, ఇద్దరు రాజులు శాశ్వతదృష్టి, ఉచ్ఛేదదృష్టి. అదే గాథలోని 'బ్రాహ్మణుడు' కూడా పుట్టుకతో బ్రాహ్మణుడు కాడు. ధమ్మపదం చివరి వర్గమంతా ఆ మాటకు కొత్త అర్థం ఇవ్వడానికే ఉంది. పుట్టుక వల్ల కాదు, నడవడి వల్లే అని. అక్షరార్థం పట్టుకున్నవాడికి అది కులస్తుతిలా వినిపిస్తుంది. నిజానికి అది కులగర్వం కింది నేలను తవ్వేసిన మాట.

అయితే "అంతా నేయార్థమే" అని అర్థాలు ఇష్టం వచ్చినట్టు లాగేవారి విషయంలోనూ జాగ్రత్త కావాలి. ప్రాణం తీయను అన్నది తేట మాట. దానికి గూఢార్థాలు వెతికితే నియమం మిగలదు. చరిత్రలో ఒక్కో నికాయం తనకు నచ్చిన సూత్రం నీతార్థమనీ, ఎదుటివారిది నేయార్థమనీ వాదించింది కూడా. అందుకే మహాపరినిర్వాణ సూత్రం కొలబద్ద ఇచ్చింది. ఎవరు చెప్పినా సరే, ఆ పదవ్యంజనాలను సూత్రంతో, వినయంతో పోల్చి చూడండి. సరిపోతే తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

బాబాసాహెబ్ అంబేద్కర్ తన చివరి గ్రంథం 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఈ సమస్యనే ఎత్తుకున్నారు. ఆయన మరణానంతరం 1957లో అది వెలువడింది. బుద్ధుడు జీవించి ఉండగానే ఆయన మాటలను తప్పుగా చెప్పిన సందర్భాలను అలగద్దూపమ సూత్రం మొదలుగా ఐదు సూత్రాల నుంచి చూపించారు. హేతువుకు నిలుస్తుందా, మనిషి మేలుకు సంబంధించినదా అన్న పరీక్షలు పెట్టారు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని 29 ఏళ్ళ దాకా సిద్ధార్థుడు చూడనేలేదన్న కథను ఆయన అక్షరాలా ఒప్పుకోలేదు. అలగద్దూపమ సూత్రంలోని ఉపమానం అందరికీ తెలిసిందే: పామును తోక దగ్గర పట్టుకున్నవాణ్ణి అది తిరిగి కాటేస్తుంది. మాటను పట్టుకోవడమూ అంతే.

మేమిప్పుడు పాళీ వాక్యాలను పాళీలోనే చెప్పుకుంటున్నాం. తరువాత టీక, ఆపైన తాత్పర్యం తెలుగులో చెప్పుకుంటాం. పిల్లలు హిందీ అర్థం చెబుతారు, పెద్దలు తెలుగు అర్థం చెబుతారు. రెండూ పక్కపక్కన పెట్టి పాళీ అర్థం వెతుకుతాం. ఒకే పాత్రను ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో పిలుస్తారనీ, తమ పేరే సత్యమని మొండికేయవద్దనీ అరణవిభంగ సూత్రం చెబుతుంది. మాలో ఒకరు గిన్నె అంటారు, ఒకరు తపేలా అంటారు, తెలంగాణ నుంచి వచ్చినవారు గంజు అంటారు. అందులో వండిన అన్నం అందరం తింటాం.

ఆ పెద్దామె మొన్న పౌర్ణమికి తన మనవరాలికి తనే చెప్పింది: "శిక్ష కాదమ్మా, సాధన. రోజూ కొంచెం కొంచెం నేర్చుకోడం." నాగార్జునకొండ పలక మీది పొడుగాటి బిరుదు ఆమెకు తెలియదు. ఆ బిరుదు చెప్పిన పని మాత్రం మా కళ్ళముందే చేసింది.