కొలిచాకే కూల్చిన కాలం

1908 సెప్టెంబరు చివర్లో శంషాబాద్ వానమాపకంలో ఒక్కరోజులో పన్నెండు అంగుళాలు దాటి వాన నమోదైంది. మూసీ, ఈసీ నదుల పరీవాహకంలో అప్పుడు ఎనిమిది వందల దాకా చెరువులుండేవి. సుమారు చదరపు మైలుకొకటి. వాటిలో 221 తెగాయి. గొలుసుకట్టు చెరువుల తీరే అంత. పై చెరువుకి గండి పడితే ఆ నీళ్ళన్నీ కింది చెరువు మీద పడతాయి. దాని కట్ట ఆ పోటు ఆపలేదు. అదీ తెగుతుంది. అలా ఒకదానికొకటి తోడై వచ్చిన నీరంతా 28వ తేదీన హైదరాబాద్ మీద విరుచుకుపడింది.

అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. 1578 నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. పోయిన ప్రాణాలు పదిహేను వేలని ఎక్కువమంది చెప్పే లెక్క.

ఏటా సెప్టెంబరు రాగానే ఈ కథ పత్రికల్లో వస్తుంది, చింతచెట్టు ఫొటోతో సహా. వరద తీశాక వచ్చిన పాతికేళ్ళ కథకి మాత్రం అంత చోటు దొరకదు. నిజానికి అసలు విషయం అక్కడే ఉంది.

ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య అప్పటికి బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలి ఐరోపాలో తిరుగుతున్నారు. నిజాం ప్రభుత్వం కబురు పెడితే 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ వచ్చారు, అక్టోబరుకల్లా నివేదిక చేతిలో పెట్టారు. ఊరు ఊరంతా శిథిలాల మధ్య ఉన్నప్పుడు ఎవరైనా ముందుగా వంతెనలు కట్టండి, ఒడ్డున గోడ లేపండి అంటారు. ఆయన మొదట లెక్కలు తీయించారు. ఏ చెరువు ఎప్పుడు తెగింది, వాన ఎక్కడ ఎంత పడింది, నీటి మరక ఏ గోడమీద ఎంత ఎత్తున ఉంది? వరద ఉధృతి గరిష్ఠంగా 4 లక్షల 25 వేల క్యూసెక్కులని తేల్చారు. అంత నీటిని ఊళ్ళో గట్లెత్తి ఆపడం అయ్యే పని కాదు. ఊరికి ఎగువనే పట్టి ఉంచాలి, మెల్లగా వదలాలి. నీరు పల్లమెరుగు కదా, దానికి దారి ముందే చూపించాలి.

అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. జనం నోట ఉస్మాన్‌సాగర్ ఇప్పటికీ గండిపేట చెరువే. వరద ఆపడానికి కట్టిన చెరువు తాగునీటికీ పనికొచ్చింది. గండిపేట నీళ్ళు మోటారు లేకుండా వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకి చేరేవి. ఒకే కట్టడం రెండు పనులు చేసేలా చూడటం ఆ నివేదికలో నాకు ఎక్కువగా నచ్చే గుణం. నదికి రెండు వైపులా గట్లు కట్టి వాటి వెంట తోటలు వేయాలనీ, వీధులు వెడల్పు చేయాలనీ, భూగర్భ మురుగు కాలవలు లేకపోతే ఊరు ఊరు కాదనీ ఆయన పట్టుబట్టారు. మురుగు కాలవల పనికి 1922లోనూ, మళ్ళీ 1930లోనూ హైదరాబాద్ ఆయన్నే పిలిపించుకుంది.

వరద వెనకే 1911లో ప్లేగు వచ్చింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా. జనాభా లెక్కలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1911లో ఐదు లక్షలున్న నగరం 1921 నాటికి నాలుగు లక్షలకి పడిపోయింది. గాలీ వెలుతురూ చొరని ఇరుకు గల్లీల్లో ఎలుకలూ మనుషులూ కలిసి బతికిన ఫలితం కూడా అందులో ఉంది. కొత్తగా గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఉర్దూలో ఆరాయిష్-ఎ-బల్దా.

బోర్డు గడ్డపార పట్టుకోవడానికి ముందే ఇంకో పని మొదలైంది. గనుల ఇంజనీరు లెనర్డ్ మన్‌కి నగర సర్వే అప్పగించారు. 1912 నుంచి 1915 దాకా ఆయన మనుషులు హైదరాబాద్‌ని ఇల్లిల్లూ కొలిచారు. అంగుళానికి యాభై అడుగుల లెక్కన వందలాది షీట్లు గీశారు. ఆ కొలతలో ఊరి పటం కాస్తా వాడకట్టు పటం అవుతుంది. గల్లీ ఎక్కడ వంకర తిరిగిందో, ఎక్కడ మూసుకుపోయిందో, ఇంటి మధ్య ఖాళీ ఎంతో, బావి ఏ మూలనుందో, మసీదు, గుడి, సమాధులు, తోట ఎక్కడెక్కడో అన్నీ తెలిసిపోతాయి. గనిలో ఖనిజం జాడ వెతికే మనిషి చేతికి ఊరు చిక్కితే అలాగే ఉంటుంది మరి!

ఆ షీట్లు చేతిలో ఉన్న ఊరికి ఏది తీసేయాలో, దేన్ని ఉంచితే సరిపోతుందో కూర్చుని మాట్లాడుకునే అవకాశం ఉంటుంది. బోర్డు ఆ అవకాశాన్ని ప్రతిసారీ వాడుకుందని చెప్పలేను. ఇరుకు బస్తీలు తొలగించినప్పుడు ఖాళీ చేసింది పేదలే. మల్లేపల్లి, రెడ్‌హిల్స్ వైపు బోర్డు కట్టిన ఇళ్ళు చూస్తే గాలీ వెలుతురూ గురించి ఆలోచన కనిపిస్తుంది. కానీ పాత గల్లీలో పక్కపక్కన బతికిన కుటుంబాలు కొత్త కాలనీలో మళ్ళీ పక్కపక్కన పడ్డాయా అన్నది ఏ ప్లానూ చెప్పదు.

బోర్డు పనితనం చూడాలంటే పత్తర్‌గట్టీకి వెళ్ళండి. మదీనా చౌరస్తా నుంచి చార్‌కమాన్ వైపు నడుస్తుంటే రోడ్డుకి రెండు వైపులా నల్లరాతి కమానుల వరస. రోడ్డు వెడల్పు చేయడానికి పాత దుకాణాలు పడగొట్టారు, నిజమే. పడగొట్టిన చోట మొండిగోడలు వదిలేయకుండా, కింద దుకాణాలు, వాటి ముందు నీడపట్టున నడవడానికి కమానుల వసారా, పైన మేడగదులు కట్టించారు. అన్ని ముఖభాగాలూ ఒకే ఎత్తు. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా అత్తరు బుడ్డీ బేరమాడుతూ ఎండ తగలకుండా నడవచ్చు. ఇప్పుడు ఆ వసారాల్లో సగం బట్టల మూటలు, బోర్డులు ఆక్రమించాయి. అయినా రాయి చెక్కుచెదరలేదు. నలభై డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో రోడ్డంటే బండ్లకే కాదు, నడిచేవాడికి నీడ కూడా అని తెలిసిన ఇంజనీర్లు వాళ్ళు.

బోర్డు పని చేస్తున్న ఆ సంవత్సరాల్లోనే స్కాట్లండ్ నగర ప్రణాళికావేత్త ప్యాట్రిక్ గెడెస్ మన దేశంలో ఊళ్ళు తిరుగుతున్నాడు. 1914లో ఆయన నగర ప్రణాళికా ప్రదర్శన సామగ్రిని మోసుకొస్తున్న ఓడని జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ముంచేసింది. ఆయన మళ్ళీ పటాలు పోగుచేసుకుని మద్రాసులో ప్రదర్శన పెట్టాడు. తర్వాత మధురై, తంజావూరు లాంటి ఊళ్ళ గల్లీల్లో కాలినడకన తిరిగాడు. తంజావూరు కోటలో ఇరుకు తగ్గించడానికి కొత్త రోడ్లు కొట్టాలని వేసిన పథకానికి ముప్ఫై వేల రూపాయలవుతుందన్నారు. గెడెస్ నడిచి చూసి, నాలుగు పాడుబడ్డ ఇళ్ళు తీసి, ఉన్న సందులే కాస్త విప్పితే ఐదు వేలతో పని జరుగుతుందన్నాడు. ప్రాణం ఉన్న అవయవం కోయకుండా చేసే వైద్యం అన్నమాట. ఇందోరులో ప్లేగు కాలంలో దీపావళి ఊరేగింపు దారి మార్పించాడు. ఇళ్ళూ వాకిళ్ళూ శుభ్రంగా పెట్టుకున్న వీధుల గుండానే అది సాగుతుందని ముందే చాటించాడు. జనం పోటీపడి చీపుళ్ళు పట్టారు.

విశ్వేశ్వరయ్య నీటి లెక్క మనిషి, గెడెస్ గల్లీ మనిషి. ఇద్దరి పద్ధతీ వేరు. చూడకుండా, కొలవకుండా ఊరి మీద చెయ్యి వేయకూడదన్న పట్టుదల మాత్రం ఇద్దరిదీ ఒకటే.

తర్వాతి కాలంలో ఆ పట్టుదల సడలింది. 1994లో ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌ని సాక్షాత్తూ మూసీ నదిలోనే కట్టారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో జీవో 69 ఇచ్చి వాటిని ఎత్తేస్తున్నామన్నారు. ఆ చెరువులిప్పుడు నగరానికి ప్రధాన తాగునీటి వనరు కావు కదా అన్నది వాదన. అవి మొదట కట్టింది వరద కోసమన్న సంగతి ఆ వాదనలో వినిపించలేదు. 2020 అక్టోబరులో పల్లెచెరువుకి గండి పడి అల్ జుబైల్ కాలనీ, నాలుగు రోజుల తర్వాత గుర్రంచెరువు తెగి హఫీజ్‌బాబానగర్ మునిగాయి. 1908 వరద గురించి విశ్వేశ్వరయ్య లెక్కకట్టిన జబ్బే అది. తేడా ఒక్కటే. అప్పుడు చెరువుల కింద పొలాలుండేవి, ఇప్పుడు కాలనీలు.

2024లో మూసీ ప్రక్షాళన పేరుతో నదిగర్భంలో ఉన్న ఇళ్ళ గోడల మీద కూల్చివేత గుర్తుగా ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. నదిలో ఇల్లు ప్రమాదమే. అందులో వాదించేదేం లేదు. కాకపోతే అదే నదిలో సర్కారు బస్‌స్టేషన్ ఉంది, దాని గోడ మీద ఎర్రరంగు పడలేదు. నదిగర్భం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తేల్చిన సర్వే ఉంటే, అది పేదవాడికీ ప్రభుత్వానికీ ఒకేలా వర్తించాలి.

వంద కోట్లయినా వెయ్యి కోట్లయినా ఖర్చు పెట్టే ముందు ప్రభుత్వం ఓ చిన్న పని చేయాలి. మన్ సర్వే షీట్లనీ, నేటి ఉపగ్రహ పటాన్నీ, మురుగు కాలవల పటాన్నీ, చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దుల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి వార్డు ఆఫీసుల్లో గోడకి అంటించాలి. తెలుగులోనూ, ఉర్దూలోనూ. తన ఇల్లు ఎందుకు పోతోందో, పక్కిల్లు ఎందుకు మిగులుతోందో ఆ గోడ దగ్గర నిలబడి ప్రతి ఒక్కరూ చదువుకోగలిగాకే బుల్డోజర్ బయల్దేరాలి.