కండ్లు తెరిచిన కాయ

ఇట్ల గొంగడి మీద కూసో బిడ్డా. పొగ నీ దిక్కే వస్తది, కొంచెం ఓర్చుకో. ఫోను అవతల పెట్టు, చెప్తా.

మన కొత్వాల్‌గూడ అడివంటే టీవీల చూసినట్టు పులులు తిరిగే అడివి గాదు. బండలు, తుమ్మలు, మోదుగలు, పరికి పొదలు, వాటి సందున సీతాఫలం. మేకలు అన్నీ మేస్తయి గని సీతాఫలం ఆకు ముట్టవు, చేదు. అందుకే ఎన్ని మందలు తిరిగినా ఆ చెట్టు మిగిలింది. ఎవుసం లేనోళ్లకు నెలరోజుల బువ్వ అదే పెట్టింది.

కాయ తెంపుడు గూడ ఇద్దెనే. కన్నుకూ కన్నుకూ నడుమ తెల్లగ విచ్చుకోవాలె. కండ్లు తెరిచిందంటం. అప్పుడు తెంపి గడ్డిల పెడితే రెండు మూడు దినాలకు మాగుతది. మా మేనమామ ఒకాయన అందరికన్న ముందు అంగడికి పోవాలని కండ్లు తెరవని కాయలే బుట్టెడు తెంపిండు. గడ్డివాముల దాచి, పూటపూటకూ తీసి ఒత్తి చూసుడు. ఒక్కటి మాగలే, అన్నీ నల్లబడ్డయి. ఆత్రగానికి బుద్ధి మట్టని మా అవ్వ నవ్వుడే నవ్వుడు. అప్పట్ల కిలోల లెక్కెక్కడిది? శంషాబాద్ అంగట్ల చారణ ఇస్తే కొంగు నిండేది, మీదికెళ్లి కొసరు.

యాడికో పోయిన. మన హిమాయత్‌సాగర్ చెరువు కాడికి రా. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్ పట్నాన్ని ముంచింది. అఫ్జల్‌గంజ్‌ల ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా పానం దక్కించుకున్నరు. ఆ చెట్టు ఉస్మానియా దవాఖానల ఉన్నది, పోయినప్పుడు ఒక్కసారి చేత్తోని తాకిరా. ఆ వరద తర్వాతనే నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, మన ఈసీ వాగు మీద 1927ల హిమాయత్‌సాగర్ అట్ల లేచినయి. వాలు మీద చెట్టు ఉన్నన్ని దినాలే మట్టి చెరువుల పడదని మా నాయిన గొడ్డలి పట్టినోని ఎంటవడేటోడు. 1996ల సర్కారు 111 జీవో తెచ్చి 84 ఊర్లల్ల కట్టడాలను ఆపింది, జర ఊపిరాడింది. ఇప్పుడు చెరువు కనవడ్తదని ప్లాట్లు అమ్ముతున్నరు, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు. నాకు కడుపుల దేవినట్టైతది.

శ్రీరామనవమికి ఎడ్లబండి కట్టుకొని నర్కుడ దిక్కు అమ్మపల్లి గుడికి పోయేది. కోనేటి మెట్ల మీద మోదుగాకు ఇస్తర్ల పులిహోర తింటే చేతికి ఆకు వాసన పట్టేది. ఆ బండ్లబాట మీదికెళ్లి 2008 నుంచి విమానాలు పోతున్నయి. అవి పోయినంక నెమలి కూత ఇనవడ్తది, చెవి పెట్టు.

ఏయ్, ఆ బుట్టల చెయ్యి పెట్టకు! నిన్ననే తెంపిన, ఇంక రెండు దినాలు.